విలాపమా? మొరా? – దావీదు కీర్తనలు, బరోక్ సంగీతం, పాలమూరు తెలుగు క్రైస్తవ గానం

వ్యాససంగ్రహం

బైబిలు పాతనిబంధనలోని 150 కీర్తనలలో దాదాపు మూడోవంతు స్తుతిగీతాలు కావు, దుఃఖంలో దేవుణ్ణి నిలదీసే గీతాలు. 17, 18 శతాబ్దాల ఐరోపా బరోక్ సంగీతకారులు ఈ గీతాలను విస్తారంగా స్వరపరిచారు. ఆ క్రమంలో వీటిలోని ఫిర్యాదు స్వరం వెనక్కి తగ్గి, పశ్చాత్తాప స్వరం ముందుకు వచ్చింది. జర్మనీలోని హాలె నగరం నుంచి మద్రాసుకు, అమెరికాలోని జర్మన్ మూలాలున్న సంఘాల నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతాలకు వచ్చిన క్రైస్తవ గానం ఈ మార్పును ఎంతవరకు మోసుకొచ్చింది, తెలుగు భాష, తెలుగు గేయరూపాలు దానికి ఎలా స్పందించాయి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: విలాప కీర్తన, మొర, బరోక్ సంగీతం, హాలె, బెంజిమన్ షుల్జ్, మెన్నోనైట్ బ్రెదరన్, పాలమూరు, పల్లవి.

1. పేరులోని చిక్కు

హెబ్రూ భాషలో కీర్తనల గ్రంథానికి 'తెహిల్లీమ్' అని పేరు. స్తుతులు అని అర్థం. తెలుగు అనువాదకులు దానికి 'కీర్తనలు' అన్న మాటను ఎంచుకున్నారు. అన్నమయ్య, రామదాసు, త్యాగరాజుల రచనలతో పెరిగిన పాఠకుడికి ఆ మాట వినగానే పల్లవి, అనుపల్లవి, చరణాలు, భగవద్గుణవర్ణన గుర్తుకు రావడం సహజం. గ్రంథం తెరిచి చూస్తే మాత్రం మూడో కీర్తన నుంచే శత్రువుల మధ్య చిక్కుకున్న మనిషి కేక వినిపిస్తుంది. పేరు స్తుతి అని చెబుతుంది, లోపల మూడోవంతు గీతాలు ఏడుస్తాయి, నిలదీస్తాయి, కొన్ని చోట్ల తిడతాయి కూడా.

ఈ గీతాలను విద్యావిషయకంగా వర్గీకరించిన పండితుడు హెర్మన్ గున్‌కెల్. ఆయన కీర్తనల వ్యాఖ్యానం 1926లో వెలువడింది. అప్పటికి ఆయన హాలె విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. (ఈ నగరం పేరు వ్యాసంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది.) గున్‌కెల్ ఈ గీతాలకు పెట్టిన పేరులో కీలకమైన జర్మన్ మాట 'క్లాగె'. ఆ మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి ఏడుపు. రెండోది న్యాయస్థానంలో వేసే దావా. జర్మన్ పాఠకుడికి ఒకే మాటలో కన్నీరూ, అర్జీ రెండూ వినిపిస్తాయి. తెలుగులో 'విలాప కీర్తన' అని అనువదించినప్పుడు మొదటి అర్థం మాత్రమే మిగిలింది. విలపించేవాడు ఎవరినీ ఏమీ అడగడు. ఫిర్యాదు చేసేవాడు అడుగుతాడు, జవాబు వచ్చేదాకా నిలబడతాడు.

నిజానికి తెలుగులో ఈ రెండర్థాలనూ కలిపి మోసే మాట లేకపోలేదు. అది 'మొర'. మొరపెట్టుకోవడంలో ఆర్తనాదమూ ఉంది, విన్నపమూ ఉంది, వినవలసినవాడు వినడం లేదన్న నిష్ఠూరమూ ఉంది. తెలుగు బైబిలు అనువాదకులు కీర్తనల లోపలి వాక్యాలలో 'మొఱ్ఱ' అన్న ఈ మాటనే పదేపదే వాడారు. అంటే అనువాదం సరైన మాటను పట్టుకుంది, శాస్త్రపరిభాష దాన్ని వదిలేసింది. ఈ వ్యాసంలో విలాపం, మొర అన్న మాటలను ఉద్దేశపూర్వకంగానే వేరువేరుగా వాడడం జరిగింది.

2. మొర నిర్మాణం

ఇలాంటి కీర్తనకు ఒక నడక ఉంది. 13వ కీర్తనను తీసుకుంటే అది ఆరు వచనాల చిన్న గీతం. మొదటి రెండు వచనాలలో 'ఎంతకాలం' అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. తర్వాతి రెండు వచనాలలో విన్నపం. చివరి రెండింటిలో హఠాత్తుగా నమ్మకం, పాట పాడతానన్న మాట. బాధ తీరిందని గీతంలో ఎక్కడా లేదు. అయినా స్వరం మారింది. ఈ మలుపే కీర్తనల పరిశోధనలో అత్యధికంగా చర్చకు వచ్చిన అంశం. మలుపే లేని గీతం కూడా ఉంది. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగిసిపోతుంది.

మొర పెట్టేవాడు ప్రతిసారీ తప్పు ఒప్పుకోడు. 44వ కీర్తనలో ఒక జాతి మొత్తం దేవుని ముందు నిలబడి, తాము నిబంధన మీరలేదని, అయినా ఎందుకు ఓడిపోయామని అడుగుతుంది. నిద్ర లేవమని దేవుణ్ణే హెచ్చరిస్తుంది. 10వ కీర్తనలో పల్లెల మాటున పొంచి ఉండి దిక్కులేనివాణ్ణి చంపే బలవంతుడి వర్ణన ఉంది. 94వ కీర్తనలో విధవరాలిని, పరదేశిని, తండ్రిలేని పిల్లలను చంపే దుర్మార్గులున్నారు. వారి వెనుక చట్టం పేరుతో కీడు కల్పించే సింహాసనం ఉంది. ఇవి పాపి కన్నీళ్ళు కావు, బాధితుడి దావాలు.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ రూపం కొత్తది కాదు. పోతన గజేంద్రుడు మడుగులో చిక్కి మొరపెట్టినప్పుడు రక్షకుడు అసలు ఉన్నాడో లేడో అన్న సందేహాన్ని కూడా దాచుకోలేదు. ఆ ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడని, అగస్త్యుని శాపం వల్ల ఆ జన్మ ఎత్తిందని కథకుడు తర్వాత చెబుతాడు. గజేంద్రుడి మొరలో తన తప్పు ప్రస్తావన ప్రధానం కాదు. కారణం వెతకడం కథకుడి పని, కేక వేయడం బాధితుడి పని. దావీదు కీర్తనలలోనూ ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

3. బరోక్ సంగీతం దగ్గర జరిగినది

మొర విలాపంగా, విలాపం పశ్చాత్తాపంగా మారడం బరోక్ కాలంలో మొదలుకాలేదు. 6వ శతాబ్దిలో కాసియోడోరస్ ఏడు కీర్తనలను (6, 32, 38, 51, 102, 130, 143) పశ్చాత్తాప కీర్తనలుగా ఒకచోట చేర్చి వ్యాఖ్యానించాడు. వీటిలో 51వది నిజంగానే తప్పు ఒప్పుకోలు. నాతాను ప్రవక్త మందలించిన తర్వాత దావీదు పాడినట్లు దానికి శీర్షిక ఉంది. 6వ కీర్తనలో మాత్రం పాపం ప్రస్తావన స్పష్టంగా లేదు. రోగం, శత్రువులు, రాత్రంతా పరుపు తడిపే కన్నీళ్ళు ఉన్నాయి. వ్యాఖ్యానం ఆ కన్నీళ్ళకు కారణంగా పాపాన్ని తెచ్చి జోడించింది. వెయ్యేళ్ళ తర్వాత బరోక్ సంగీతకారులకు అందినవి ఇలా ముందే అర్థం నిర్ణయమైపోయిన గీతాలు.

51వ కీర్తనకు (లాటిన్ బైబిలు లెక్కలో 50) దక్కిన ఆదరణ అసాధారణం. రోములోని సిస్టీన్ ఆలయం కోసం గ్రెగోరియో అల్లేగ్రి, ఫ్రెంచి రాజాస్థానం కోసం 1663లో లుల్లీ, డ్రెస్డెన్‌లో 1738లో జెలెంకా దీనిని స్వరపరిచారు. బాఖ్ తన చివరి దశలో పెర్గొలేసి రాసిన మరియమ్మ శోకగీతం స్వరాలకు ఇదే కీర్తన జర్మన్ పాఠాన్ని అమర్చాడు. ఇటలీ తల్లి శోకం జర్మనీ పాపి ఒప్పుకోలుగా మారిందన్నమాట. దుఃఖానికి ఒకే స్వరం సరిపోతుందని, దుఃఖకారణం ఏదైనా ఫరవాలేదని ఆ కాలం నమ్మిన తీరుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆ నమ్మకానికి వెనుక ఒక శాస్త్రం ఉంది. బరోక్ సంగీతశాస్త్రకారులు అలంకారశాస్త్రాన్ని సంగీతానికి అన్వయించారు. 1606లో బుర్‌మైస్టర్, తర్వాత ష్యూట్స్ శిష్యుడు క్రిస్టాఫ్ బెర్న్‌హార్ట్ స్వరవిన్యాసాలకు అలంకారాల పేర్లు పెట్టారు. లోతు, మరణం అన్న మాటలు వచ్చినచోట స్వరం కిందికి దిగడం, వేదన దగ్గర అర్ధస్వరాల మెట్ల మీద తడబడుతూ నడవడం, నిట్టూర్పు దగ్గర పదం మధ్యలో మౌనం పెట్టడం ఇందులో భాగం. 1739లో మాత్తెసాన్ గ్రంథం నాటికి ఒక్కో భావానికి తగిన స్వరగతుల చర్చ పూర్తి శాస్త్రంగా రూపొందింది. శోకం స్థాయిగా కరుణరసం నిష్పన్నం కావడానికి విభావానుభావాలను లెక్కించిన మన ఆలంకారికులకు ఈ పద్ధతి పరాయిదిగా తోచదు. ముఖారి, ఆహిరి, నాదనామక్రియ రాగాలకు శోకంతో ముడిపెట్టిన సంప్రదాయం కూడా ఇలాంటిదే.

ఆ కాలపు శోకానికి మరో గుర్తు ఉంది. కింది స్థాయిలో నాలుగు మెట్లు దిగే ఒక చిన్న స్వరపంక్తి మొదటి నుంచి చివరి దాకా మారకుండా తిరిగి తిరిగి వస్తుంది. దానిమీద గాయని గొంతు ఎంత విలవిలలాడినా కింద ఆ అడుగులు ఆగవు. మాంటెవెర్ది 1638లో ప్రచురించిన వనకన్య విలాపంతో ఇది స్థిరపడింది. బాఖ్ 1714లో వైమార్‌లో రాసిన 12వ సంఖ్య కాంటాటాలో దీన్ని వాడి, జీవితం చివర రచించిన బి మైనర్ ఆరాధనలో సిలువ ఘట్టానికి మళ్ళీ తెచ్చుకున్నాడు. దుఃఖాన్ని ఒక క్రమంలో నిలిపి ఉంచే శక్తి ఈ ఆవృత్తికి ఉంది. దుఃఖితుడు లేచి ఎవరి మీదికీ వెళ్ళలేని స్థితిని కూడా అదే కల్పిస్తుందని గుర్తించాలి.

ఈ నేపథ్యంలో బాఖ్ రచనలు రెండింటిని కొంత దగ్గరగా చూడడం అవసరం.

మొదటిది 131వ సంఖ్య కాంటాటా. 1707లో మ్యూల్‌హౌజెన్‌లో, పాస్టర్ ఐల్మార్ కోరిక మీద 22 ఏళ్ళ బాఖ్ దీన్ని రచించాడు. ఆ ఏడాది మే చివర పట్టణంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దాని తర్వాతి పశ్చాత్తాప ఆరాధనకు ఇది ఉద్దేశించినదన్న అభిప్రాయం పరిశోధకుల్లో ఉంది. లోతుల నుంచి దేవుణ్ణి పిలిచే 130వ కీర్తన ఎనిమిది వచనాలూ ఇందులో పూర్తిగా ఉన్నాయి. ఆరో వచనంలో, కావలివాళ్ళు తెల్లవారడం కోసం ఎదురుచూసినదానికన్నా ఎక్కువగా ఒక ప్రాణం ఎదురుచూస్తుంది. టెనార్ గొంతు ఆ ఎదురుచూపును పాడుతుంటే, దానిమీద ఆల్టో గొంతు వేరే పాటను నెమ్మదిగా పరుస్తుంది. అది రింగ్‌వాల్ట్ 16వ శతాబ్దిలో రాసిన పశ్చాత్తాప గీతంలోని చరణం. దావీదు, మనష్షేల లాగా తానూ దుఃఖితుడైన పాపినేనని దాని సారాంశం. కీర్తనలో ఎదురుచూసేవాడు ఇక్కడ తప్పు ఒప్పుకునేవాడుగా మారిపోయాడు. ఇల్లు కాలిన పట్టణం తన పాపాన్ని వెతుక్కుంటోంది.

రెండోది 21వ సంఖ్య కాంటాటా. 1714 జూన్ 17న వైమార్‌లో దీన్ని పాడారు. దీని తొలిరూపం 1713 చివర హాలె నగరపు మార్కెట్ ఆలయంలో ఆర్గనిస్టు ఉద్యోగం కోసం బాఖ్ వెళ్ళిన సందర్భానికి చెందినదన్న ఊహ కూడా ఉంది. మొదటి బృందగానం పాఠం 94వ కీర్తన 19వ వచనం నుంచి వచ్చింది. హృదయంలో వేదనలు పెరిగినప్పుడు దైవ ఆదరణ ప్రాణానికి సేదదీర్చిందని అందులోని మాట. సంగీతం అద్భుతమైనది. కాని 94వ కీర్తన ఎలాంటి గీతమో పైన చూశాం. విధవ, పరదేశి, అనాథ హతమయ్యే గీతం అది. చట్టాన్ని అడ్డుపెట్టుకున్న సింహాసనాన్ని దేవుని ముందు నిలబెట్టిన గీతం. 23 వచనాలలో ఆ దావా అంతా పోయి, లోపలి వేదన, లోపలి ఓదార్పు మాత్రమే మిగిలాయి. అదే కాంటాటాలో 42, 116 కీర్తనల నుంచి తీసుకున్న వాక్యాలు కూడా ప్రాణంతో ప్రాణం మాట్లాడుకునేవే. శత్రువు బయట లేడు. అందుకే ఫిర్యాదు చేయడానికి ఎవరూ లేరు.

ఇది బాఖ్ ఒక్కడి ఎంపిక కాదు. పర్సెల్ 1682 ప్రాంతంలో ఎనిమిది గొంతులకు రాసిన చిన్న రచనలో 102వ కీర్తన మొదటి వచనం ఒక్కటే ఉంది. రెండు స్వరాల మధ్య ఊగే ఆ వేడుకోలు వినేవారిని కదిలిస్తుంది. చెరసాలలో ఉన్నవారి మూలుగులు విని విడిపించే దేవుణ్ణి గురించి అదే కీర్తన తర్వాత చెప్పే మాట అందులోకి రాలేదు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. అన్నిటికన్నా గొప్ప మినహాయింపు కూడా బాఖ్‌దే. 1727 నాటి మత్తయి శ్రమగాథలో క్రీస్తు మాట్లాడిన ప్రతిసారీ తంత్రీవాద్యాలు ఆయన స్వరం చుట్టూ కాంతివలయంలా పరచుకుంటాయి. సిలువ మీద 22వ కీర్తన మొదటి వాక్యంతో తండ్రిని నిలదీసినప్పుడు మాత్రం ఆ తంత్రులు మూగబోతాయి. ఓదార్పు లేదు, ఒప్పుకోలు లేదు. అక్కడ వినిపించేది మొర.

4. హాలె నుంచి మద్రాసు

తెలుగు ముద్రణ చరిత్ర చదివినవారికి బెంజిమన్ షుల్జ్ పరిచితుడే. 1719లో తరంగంబాడికి వచ్చి, జీగెన్‌బాల్గ్ మరణం తర్వాత తమిళ పాతనిబంధన అనువాదాన్ని పూర్తిచేసి, 1726లో మద్రాసుకు మారి తెలుగు నేర్చుకున్నాడు. తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం ముద్రణకు నోచుకోలేదు. 1743లో హాలెకు తిరిగి వెళ్ళాక 1746–47లో తెలుగు లిపిలో కొన్ని చిన్న మతగ్రంథాలను అచ్చువేయించాడు. అవే తెలుగులో తొలి ముద్రిత పుస్తకాలు. దావీదు కీర్తనల గ్రంథాన్ని కూడా ఆయన 1747లో హాలెలో ముద్రించాడు. కాని అది తెలుగులో కాదు, హిందుస్తానీలో. మద్రాసులో నేర్చుకున్న ఆ భాషకు దక్కనీ లక్షణాలున్నాయి. గద్వాల, వనపర్తి సంస్థానాల్లో తెలుగు పక్కన వినిపించిన భాషకు అది దగ్గరి బంధువు.

సరిగ్గా 1746లోనే హాలె మార్కెట్ ఆలయానికి కొత్త ఆర్గనిస్టు వచ్చాడు. ఆయన బాఖ్ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడమాన్. 1764 దాకా అక్కడే పనిచేశాడు. తండ్రి 1713లో కోరి వెళ్ళిన ఉద్యోగం కొడుక్కు దక్కింది. తెలుగు అక్షరాలు అచ్చవుతున్న ఊళ్ళోనే బరోక్ ఆలయసంగీతం చివరి పెద్ద స్వరాలు వినిపిస్తున్నాయి. ఈ రెండు సంఘటనలు ఒకే నగరంలో, ఒకే ఏడాది జరగడాన్ని చూసి బరోక్ విలాపగానం హాలె మీదుగా తెలుగులోకి వచ్చిందని తేల్చడం సులభం. అది పొరపాటు.

హాలెలో రెండు సంగీతాలున్నాయి. ఒకటి మార్కెట్ ఆలయపు వాద్యగోష్ఠి. రెండోది ఫ్రాంకె 1698లో స్థాపించిన అనాథాశ్రమ సంస్థల భక్తిగానం. షుల్జ్‌ను పంపినది ఈ రెండోది. అక్కడి పియటిస్టు భక్తులకు ఒపేరా వాసన తగిలే ఆలయసంగీతం మీద అనుమానం. వారి పాటల పుస్తకం 1704లో ఫ్రైలింగ్‌హౌజెన్ కూర్చినది. సరళమైన బాణీలు, వ్యక్తిగత భక్తి దాని ప్రత్యేకతలు. ఆ బాణీలు మరీ గెంతులు వేస్తున్నాయని 1716లో విట్టెన్‌బెర్గ్ వేదాంతులు ఆక్షేపించారు కూడా. తరంగంబాడిలో తమిళంలోకి అనువాదమైనవి ఇలాంటి జర్మన్ పాటలే. ఛందస్సు జర్మనీది, మాటలు తమిళం. ఆ పద్ధతి ఎక్కువకాలం సాగలేదు. తంజావూరు వేదనాయగం శాస్త్రి (1774–1864) తమిళ క్రైస్తవ గేయాన్ని కర్ణాటక సంగీతపు దారిలోకి మళ్ళించాడు.

తెలుగులో ఆ పని చేసినవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్న ఈ కవికి తెలుగు కావ్యభాష, కీర్తన నిర్మాణం పుట్టుకతో వచ్చిన సొత్తు. ఆయనా, ఆ తర్వాతి కవులూ రాసినవాటితో రూపొందిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంపుటిలో పాటల తలమీద రాగతాళాలు కనిపిస్తాయి. బాణీ మనదైంది. కాని భావం? పియటిస్టు సంప్రదాయం, ఆ తర్వాతి ఇంగ్లీషు మిషనరీ భక్తి, రెండూ పాపి ఆత్మపరీక్షను కేంద్రంగా చేసుకున్నవే. తెలుగు కీర్తనకారులు దుఃఖాన్ని ఎక్కువగా ఆ కోణంలోనే పాడారు. నేను అల్పుణ్ణి, దోషిని, కరుణించు అన్న విన్నపం ఈ కీర్తనలలో బలంగా ఉంది. నాకు అన్యాయం జరిగింది, తీర్పు తీర్చు అన్న మాట అరుదు. రాగం మార్చుకున్నంత సులభంగా వేదాంతం మారలేదు.

5. పాలమూరు

2016 అక్టోబరు 11న మూడు జిల్లాలుగా ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. నిజాం రాజ్యంలో ఇది సంస్థానాల సీమ. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులు కవిపండితులను పోషించారు. గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. అదే సీమలో వెట్టి ఉంది, కరువు ఉంది, కూలి కోసం దేశమంతా తిరిగిన పాలమూరు జనం ఉన్నారు. క్రైస్తవంలోకి వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు.

వారి దగ్గరికి వచ్చిన మిషనరీలు మెన్నోనైట్ బ్రెదరన్ సంఘానికి చెందినవారు. 1860లో దక్షిణ రష్యాలోని జర్మన్ మాట్లాడే వలస గ్రామాల్లో పుట్టిన సంఘమిది. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ బాప్టిస్టులతో కలిసి 1890 ప్రాంతంలో నల్లగొండలో పని ప్రారంభించాడు. అమెరికాకు వలసవెళ్ళిన శాఖ తరఫున హీబర్ట్ దంపతులు 1899లో హైదరాబాదుకు వచ్చారు. ఆ తర్వాత బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలు కేంద్రాన్ని నెలకొల్పాడు, వనపర్తి కేంద్రం వచ్చింది. మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రాలు 1937లో బాప్టిస్టుల నుంచి వీరి చేతికి వచ్చాయి.

జర్మన్ మాట్లాడేవారు కాబట్టి బాఖ్ వారసత్వాన్ని తెచ్చారని అనుకోవడానికి వీల్లేదు. 16వ శతాబ్దిలో హింసకు గురైన అనాబాప్టిస్టులు వీరి పూర్వీకులు. ఆ హతసాక్షుల పాటలు 'ఔస్‌బుండ్' అన్న సంపుటిగా 1564లోనే అచ్చయ్యాయి. చెరసాల నుంచి పుట్టిన నిజమైన మొరలవి. మూడు శతాబ్దాల తర్వాత మెన్నోనైట్ బ్రెదరన్ ఆ పాటలను గాని, బరోక్ బృందగానాన్ని గాని ఎంచుకోలేదు. 19వ శతాబ్దపు ఉజ్జీవ గీతాలను ఎంచుకున్నారు. మూడు పాటల పుస్తకాలను కలిపి కుట్టిన సంపుటిని వారు 'ద్రైబాంట్' అనేవారు. స్వరాలను అంకెలతో రాసుకునే లిపి వారిది. (షడ్జం నుంచి నిషాదం దాకా ఏడు స్థానాలను గుర్తించే మన స్వరలిపికి ఆ అంకెలు అయిదు గీతల లిపి కన్నా దగ్గరివి.) ఆ పాటల్లో రక్షణ పొందిన ఆనందం ఎక్కువ, ఫిర్యాదు తక్కువ. హింస జ్ఞాపకం ఉన్న సంఘమే తన మొరను పక్కనబెట్టి, మొర అవసరమైన ప్రజల దగ్గరికి వచ్చింది. ఈ చరిత్రలోని విషాదం ఇదే.

అయితే మిషనరీలు పాటలతో పాటు గ్రంథాన్ని కూడా తెచ్చారు. పాట ఎంపిక చేస్తుంది, గ్రంథం అన్నీ చెబుతుంది. 94వ కీర్తనలో బాఖ్‌కు పాఠం కూర్చిన కవి వదిలేసిన వచనాలన్నీ తెలుగు బైబిలులో యథాతథంగా ఉన్నాయి. పల్లెల మాటున పొంచి ఉన్న బలవంతుడు 10వ కీర్తనలో అలాగే ఉన్నాడు. సంస్థానపు కచేరీలో అర్జీ పెట్టుకోవడం అంటే ఏమిటో, ఆ అర్జీకి జవాబు రాకపోవడం అంటే ఏమిటో తెలిసిన శ్రోతకు ఈ వచనాలకు వ్యాఖ్యానం అక్కరలేదు. వ్యాజ్యెము, న్యాయము తీర్చుట, మొఱ్ఱ వంటి మాటలు కచేరీ భాషకూ, ఆరాధన భాషకూ ఉమ్మడివి.

6. పల్లవి

బరోక్ సంగీతంలో కిందిస్థాయిలో తిరిగి తిరిగి వచ్చే స్వరపంక్తికి తెలుగు గేయంలో సమానమైనది ఏది? స్వరరీత్యా ఏదీ లేదు. మన సంగీతానికి ఆ రకమైన కిందిగొంతు నడక లేదు, శ్రుతి ఒక్కటే ఉంది. పనిరీత్యా చూస్తే సమానమైనది పల్లవి. చరణంలో దుఃఖం ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ అక్కడికే రావాలి. కాని రెండింటికీ పెద్ద తేడా ఉంది. బరోక్ స్వరపంక్తికి మాటలు లేవు. వాద్యాలు దాన్ని మోస్తాయి, గాయని దానికి లోబడుతుంది. పల్లవికి మాటలున్నాయి, దాన్ని జనం పాడతారు. హార్మోనియం, డోలక్కు, తాళాలతో సాగే పల్లెసంఘపు పాటలో ఒకరు చరణం అందుకుంటే అందరూ పల్లవి ఎత్తుకుంటారు. ఒంటరి దుఃఖం ప్రతి ఆవృత్తిలోనూ ఉమ్మడి దుఃఖంగా మారుతుంది. 13వ కీర్తనలో నాలుగుసార్లు వచ్చే 'ఎంతకాలం' అన్న ప్రశ్నకు స్వభావరీత్యా దగ్గరగా ఉన్నది పల్లవే. అది దుఃఖాన్ని క్రమంలో పెట్టడమే కాదు, ప్రశ్నను మళ్ళీ అడుగుతుంది.

తెలుగు కీర్తనలో ఈ ప్రశ్నించే శక్తి పూర్వం నుంచే ఉంది. తానీషా (పాలన 1672–1687) చెరలో రామదాసు పాడినట్లు చెప్పే కీర్తనలలో దేవుడికి చేయించిన నగల ఖర్చు లెక్కలున్నాయి, ఎవడబ్బ సొమ్మని తిరుగుతున్నావన్న ధోరణి నిష్ఠూరం ఉంది, ఆ తర్వాత తిట్టినందుకు నొచ్చుకోవడం కూడా ఉంది. నిందాస్తుతి అని లాక్షణికులు పేరుపెట్టిన ఈ ధోరణి మొరకు అచ్చమైన తెలుగు రూపం. కాలం చూస్తే ఈయన పర్సెల్‌కు సమకాలికుడు. అక్కడ లండన్‌లో 102వ కీర్తన నుంచి ఖైదీ మూలుగు జారిపోతున్న రోజుల్లో ఇక్కడ గోలకొండలో ఖైదీయే కీర్తన కడుతున్నాడు. తొలి తెలుగు క్రైస్తవ కవులకు ఈ రూపం అందుబాటులోనే ఉంది. కీర్తన చట్రాన్ని తీసుకున్నారు, నిష్ఠూరాన్ని మాత్రం భక్తికి తగనిదిగా భావించి విడిచిపెట్టారు. దావీదుకు తగినది తమకెందుకు తగదన్న ప్రశ్న వారి ముందుకు వచ్చినట్లు వారి పాటల్లో కనిపించదు.

పాలమూరు స్త్రీల నోట ఉన్న మరో రూపాన్ని కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. చావింట్లో శోకాలు పెట్టడం తెలంగాణ పల్లెల్లో ఒక గేయప్రక్రియ. పోయినవారిని వరసపెట్టి పిలుస్తూ, వారి గుణాలు తలుచుకుంటూ, మధ్యలో దేవుణ్ణీ, ఊరిపెద్దల్నీ, కష్టకాలంలో పలకరించని చుట్టాల్నీ కడిగేసే ఈ శోకంలో ఏడుపునూ ఫిర్యాదునూ విడదీయడం సాధ్యం కాదు. సభ్యతకు లోబడని ఈ దుఃఖాన్ని ఆరాధనలోకి రానివ్వడానికి మిషనరీ సంస్కారం సంకోచించడంలో ఆశ్చర్యం లేదు. హెబ్రూ ప్రవక్త యిర్మీయా మాత్రం ఏడ్చే స్త్రీలను పిలిపించమని స్వయంగా చెప్పాడు.

7. మొర చేరిన చోటు

పాటల పుస్తకంలో చోటు దొరకని మొర పద్యంలో బయటపడింది. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుఱ్ఱం జాషువ 1941లో 'గబ్బిలం' ప్రకటించాడు. ఆకలితో, అంటరానితనంతో నలిగిన అరుంధతీయుడు గుడిలోకి వెళ్ళగలిగిన గబ్బిలంతో కాశీలోని విశ్వనాథుడికి సందేశం పంపుతాడు. ఈ కావ్యాన్ని మేఘసందేశంతో పోల్చి చూడడం విమర్శలో స్థిరపడిన పద్ధతి. ఆ పోలిక సరైనదే కాని చాలదు. యక్షుడు ప్రియురాలికి సందేశం పంపాడు. జాషువ నాయకుడు దేవుడికి ఫిర్యాదు పంపాడు. అతను తప్పు చేశానని ఎక్కడా ఒప్పుకోడు. తన నిర్దోషిత్వాన్ని ముందుపెట్టి, పుట్టుకను శిక్షగా మార్చిన వ్యవస్థను నిలదీస్తాడు. నిర్మాణంలో ఇది 44వ కీర్తనకు దగ్గరిచుట్టం. తెలుగు బైబిలు చప్పుడులో పెరిగిన కవి విలాపాన్ని కాక మొరను ఎంచుకున్నాడు. చేరవలసిన చిరునామా మాత్రం మారింది.

పాటలో ఆ స్వరం తిరిగి వినిపించినది నాగర్‌కర్నూలు నేల మీదే. తెల్కపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న 'కుబుసం' (2002) చిత్రంలో పల్లె కన్నీటిని పాడినప్పుడు ఆ దుఃఖానికి కారణం పల్లె చేసిన పాపం కాదు. కులవృత్తులను, చెరువులను, చేతి పనులను మింగిన శక్తి పల్లె బయట ఉంది. పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ శక్తి ఏమిటన్న ప్రశ్న ఇంకొంచెం గట్టిగా వినిపిస్తుంది. ఇది క్రైస్తవ గీతం కాదు, దీనికి బైబిలు మూలం వెతకనక్కరలేదు. యక్షగానం, బైరాగి తత్వాలు, ఉద్యమ గానం దీని మూలాలు. అయినా 94వ కీర్తన నుంచి వైమార్ కాంటాటా వదిలేసిన సగభాగం ఎలా ఉంటుందో తెలుగులో వినాలనుకున్న పరిశోధకుడికి ఈ పాట దగ్గరి ఉదాహరణ.

అటు హాలెలో పనిచేసిన గున్‌కెల్ వర్గీకరణ, ఇటు తెలుగు అనువాదకుడు వాడిన 'మొఱ్ఱ', రెండూ ఒకే విషయాన్ని గుర్తించాయి. 88వ కీర్తన దగ్గర అది మరింత తేటపడుతుంది. అందులో పాపం ఒప్పుకోలు లేదు, శత్రువుపై విజయం లేదు, చివర పాట పాడతానన్న మొక్కు కూడా లేదు. పిలిచినవాడు చీకట్లో ఉన్నాడు, పిలుపు మాత్రం ఆగలేదు.